వెండికి సంబంధాలు చూసిన వసుమతి

ఆ రోజు పళ్ళెంలో ఎర్ర గాజు పొదిగిన పతకాన్ని వసుమతి కావాలనే పెట్టిందా, కనబడక పెట్టిందా? నాకు ఇప్పటికీ తెలియదు. జవాబు తెలిసిన మనిషి మా వీధిలోనే, నాలుగిళ్ళ అవతల ఉంటుంది. అడిగితే చెప్పదని కాదు. ఒకసారి అడిగితే ఒక జవాబు, మళ్ళీ అడిగితే ఇంకో జవాబు చెబుతుంది. రెండూ నమ్మేటట్టే చెబుతుంది. అందుకని అడగడం మానేసి, నేను చూసినంత వరకు రాసి పెడుతున్నాను.

మాది నార్త్ కరోలినాలో క్యారీ. వసుమతి పుట్టిందీ పెరిగిందీ పల్నాడులోని మాచర్లలో. కెమిస్ట్రీ చదివి, శ్యామ్‌సుందర్‌ను పెళ్ళాడి, అతని వెంట ఈ ఊరొచ్చి, ఇక్కడొక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగంలో చేరి, అక్కడే రిటైరయింది. మాత్రను చేతిలోకి తీసుకోవడం, తిప్పి చూడడం, అంచు విరిగి ఉంటే పక్కన పడేయడం. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదల్లేదు. వాళ్ళింట్లో ఇడ్లీని కూడా తిప్పి అడుగు చూస్తేగానీ పళ్ళెంలో వేయదు.

“పెళ్ళిచూపుల్లో నన్ను తిప్పి చూడలేదు. అందుకే పాసైపోయాను” అంటాడు శ్యామ్‌సుందర్.

“చూశాను. అప్పటికే శుభలేఖలు అచ్చయిపోయాయి” అంటుంది వసుమతి.

ఆమెకు నగల పిచ్చి ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మెడలో నల్లపూసలు, చెవులకు చిన్న దిద్దులు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా అంతే. అలాంటి మనిషి ఒక శనివారం, పక్కనే ఉన్న రాలీలో ఎవరో పెద్దావిడ పోయాక ఆ ఇంటి సామానంతా అమ్మకానికి పెడితే, ఇత్తడి దీపపు సెమ్మె ఏదైనా దొరుకుతుందేమోనని వెళ్ళి, ఒక వెండి కడియంతో తిరిగొచ్చింది. మణికట్టు నుంచి సగం ముంజేతి దాకా వచ్చే వెడల్పాటి కడియం. వరసలుగా ఎర్ర రాళ్ళు, మధ్యమధ్య బంగారు తీగల పని, చివర్లలో చిన్న చిన్న పళ్ళ లాంటి అంచు.

“గుర్తుపట్టావా అక్కయ్యా? లంబాడీ వాళ్ళ కడియం!” అంది నాతో. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాచర్ల సంతకు తండాల నుంచి వచ్చే ఆడవాళ్ళు, చెంపల పక్కన ఊగే వెండి, నడిస్తే వినిపించే గలగల, అన్నీ చెప్పింది. రాలీ దాకా ఎలా వచ్చిందో పాపం అని ఆ కడియం మీద జాలి పడింది.

ఆ ఏడు ఉగాది వేడుకల్లో ఒక బల్ల మీద దాన్ని పెట్టి, పక్కన ‘లంబాడీ కడియం, పల్నాడు’ అని అట్టముక్క నిలబెట్టింది. వచ్చినవాళ్ళందరూ చూసి తలలూపారు. మా తెలుగు సంఘంలో ఏ పని వచ్చినా ముందుండే ధర్మారావు గారు అయితే సాక్ష్యం కూడా చెప్పారు.

“మా దేవరకొండ తండాలల్ల గిట్లాంటియే ఏస్కుంటరమ్మా. చిన్నప్పుడు కండ్లార చూసిన.”

నేను అప్పట్లో లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనికి ఉచితంగా వెళ్తుండేదాన్ని. సర్దడం తక్కువ, నిలబడి చదవడం ఎక్కువ. ఒక రోజు ఆసియా దేశాల నగల మీద పెద్ద బొమ్మల పుస్తకం ఒకటి తెరిస్తే అచ్చం అదే కడియం కనబడింది. కింద ‘తుర్కొమన్, తెక్కే తెగ’ అని ఉంది. దాన్ని ఇంటికి తెచ్చి వసుమతి డైనింగ్ టేబుల్ మీద తెరిచి పెట్టాను.

ఆమె బొమ్మను చూసింది. కడియాన్ని చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది.

“అక్కయ్యా, వీళ్ళు మా మాచర్లకు ఎప్పుడొచ్చారు?” అంది.

రాలేదని నచ్చజెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. తుర్కొమన్లంటే కాస్పియన్ సముద్రానికి తూర్పున ఎడారుల్లో గుర్రాలు, గొర్రెలు, డేరాలతో తిరిగిన తెగలనీ, ఎర్ర తివాచీలు నేసేది వాళ్ళేననీ, ఇంటి సంపదంతా వెండి చేసి ఆడవాళ్ళ ఒంటి మీద మోయించేవారనీ చదివి వినిపించాను. చివరి మాట దగ్గర ఆమె నన్ను ఆపింది.

“అయితే మనవాళ్ళే” అంది.

అప్పటి నుంచి అది మొదలయింది. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ అమ్మకాలు, చర్చి వాళ్ళ పాతసామాను బల్లలు, ఇలాంటి నగలు పెట్టుకుని బెల్లీ డాన్సు చేసి మానేసినవాళ్ళ అట్టపెట్టెలు, అన్నీ గాలించింది. మొదట్లో బాగా మోసపోయింది. మోసపోయి కొన్నవాటిని పారేయకుండా ఒక బూట్ల పెట్టెలో వేసి, పైన ‘రిజెక్ట్’ అని రాసి, పప్పుల డబ్బాల కింది అరలో పెట్టింది. ఆ పెట్టె నిండేసరికి ఆమెకు విద్య వచ్చేసింది.

నాకూ నేర్పాలని చూసింది.

“ముందు ముఖం చూడకు అక్కయ్యా. ముఖానికి ఎవరైనా ముస్తాబు చేస్తారు. వీపు చూడు.”

వీపంటే నగకు వెనక వైపు. చేత్తో చేసినదైతే అక్కడ సుత్తి దెబ్బలు తెలుస్తాయి, అతుకులు తెలుస్తాయి, ఎప్పుడో విరిగితే ఎవరో పెట్టిన మాటు తెలుస్తుంది. నిన్నగాక మొన్న చేసినదైతే వెనక కూడా స్టీలు పళ్ళెంలా నున్నగా ఉంటుంది. తరవాత బంగారు పూత. పాతకాలపు పూతను పాదరసంలో బంగారం కలిపి నిప్పు మీద పట్టించేవారు. చెయ్యి తగిలే చోట, బట్ట రాసుకునే చోట అది పోతుంది, సందుల్లో నిలుస్తుంది. దొంగ నగలో అయితే ఒక్క పూటలో గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు అంతటా సమంగా పోతుంది. ఆ తరవాత రాయి. అసలైన ఎర్రరాయిని చెంపకు ఆనిస్తే చల్లగా ఉండిపోతుంది.

“గాజైతే రెండు మాటలకే వెచ్చబడిపోతుంది, మా ఆడపడుచులాగా.”

తెగలను కూడా ఆమె తన లెక్కలోనే గుర్తు పెట్టుకుంది. బంగారు తీగలు వెండి అంతటా అల్లుకుని ఉంటే అది తెక్కే వాళ్ళది, ముంగిలంతా ముగ్గేసినట్టు. మధ్యమధ్య చిన్న చిన్న బంగారు బిళ్ళలు అతికించి తక్కినది వెండిగానే వదిలేస్తే యోముత్ వాళ్ళది, గడపకు బొట్లు పెట్టినట్టు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ ఇంత సులువుగా చెప్పలేదు.

అన్నిటిలోకీ ఆమెకు ప్రాణం ‘అసిక్’. అరచేయంత ఉండే గుండె ఆకారపు పతకం, అడుగున చిన్న మువ్వలు. తుర్కొమన్ ఆడవాళ్ళు దాన్ని జడల మీదుగా వీపు మీద వేలాడదీసుకునేవారట. వేసుకున్న మనిషికి తన నగ తనకు కనబడదు. ఇదేం ముచ్చట అన్నాను నేను.

“మన పెళ్ళికూతురి పూలజడ మాత్రం? మోసేది మెడ, చూసేది వెనక కూర్చున్నవాళ్ళు” అంది వసుమతి. “అద్దం ముందు నిలబడడానికి కాదక్కయ్యా నగ. మనం వెళ్ళిపోతుంటే చూడ్డానికి.”

ఇలా సాగుతుండగా ఆమెకు కంటి జబ్బు వచ్చింది. నాకు చెప్పడం కూడా ఊళ్ళో సంగతి చెప్పినట్టే చెప్పింది.

“నడిమధ్య మసకంట. చుట్టూ బానే ఉంటుందంట. అంటే నిన్ను చూడాలంటే నీ పక్క కుర్చీని చూడాలి. ఆ కుర్చీ ఎంత మురిసిపోతుందో చూడు.”

నవ్వాను గానీ, ఆ రోజు కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు పడింది. “నువ్వు చెప్తావా లేదా అని చూశాను” అని దబాయించింది. ఆ తరవాత కొన్నాళ్ళకు రెండు రంగుల చెప్పులు వేసుకుని మా ఇంటికొచ్చింది. అదే రోజు నా చీర అంచులో ఊడిన కుట్టును గుమ్మంలోనే కనిపెట్టింది. ఎంత కనిపిస్తోందో, ఎంత కనిపించడం లేదో మాకెవరికీ అంతు చిక్కలేదు.

ఆమెను పట్టుకున్న భయం మాత్రం కంటి గురించి కాదు. తన తరవాత ఈ వెండి ఏమవుతుందని. మన ఇళ్ళలో వెండికి ఒకటే గతి. పాత కంచాలు కరిగి కొత్త కంచాలవుతాయి, అవి కరిగి మనవరాలి పట్టీలవుతాయి. వసుమతి నాయనమ్మ కాలి కడియాలు వసుమతి పెళ్ళికి కుంకుమ భరిణెలయ్యాయి. ఆ కడియాల మీద ఏ పువ్వు చెక్కి ఉండేదో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాదు.

“నా కళ్ళుండగానే పిల్లలకు సంబంధాలు చూసెయ్యాలి” అంది. “కరిగించనివాళ్ళు, తోమనివాళ్ళు ఎవరైనా సరే.”

ముందు ఇంట్లోనే అడిగింది. ఫ్రిస్కోలో ఉన్న కొడుకు రాజీవ్‌కు వీడియో కాల్ చేసి ఫోను శ్యామ్‌సుందర్ చేతికిచ్చి, పతకాలు ఒక్కొక్కటీ చూపించింది.

“అమ్మా, ఇన్సూరెన్స్ ఏమైనా తీసుకున్నావా వీటికి?” అన్నాడు రాజీవ్.

వెనక నుంచి కోడలి గొంతు ప్రేమగా వినిపించింది. “అత్తయ్యా, నల్లగా అయిపోయాయి కదా. కాస్త చింతపండు పెట్టి తోమించి పంపండి, షోకేస్‌లో పెట్టుకుంటాం.”

“వైఫై పోయింది” అని వసుమతి ఫోను ఆపేసింది. వైఫై దివ్యంగా ఉంది.

ఇక బయటి సంబంధాలు. తెలిసినవాళ్ళందరికీ కబురు పెట్టింది. వచ్చేవాళ్ళకు ఉల్లిపాయ పకోడీ, కాఫీ. వేయించడం శ్యామ్‌సుందర్ వంతు. పెద్దమనిషిగా కూర్చోవడం నా వంతు. వసుమతి ముదురాకుపచ్చ మఖ్‌మల్ పరిచిన పళ్ళెంలో అయిదారు నగలు పెట్టి తెచ్చేది. బల్ల మీద పెట్టి ఏమీ మాట్లాడేది కాదు. వాళ్ళు మొదట ఏం చేస్తారన్నదే పరీక్ష.

ధర్మారావు గారు మొదట జేబులోంచి చిన్న కాటా తీశారు.

“ఎన్ని తులాలుంటదక్కా ఇది?”

“తూచలేదండి.”

“తూచకుండ ఎట్ల ఉంచుకున్నవ్ ఇంట్ల? నిద్రెట్ల పట్టింది?” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. తరవాత గొంతు తగ్గించారు. “నాకోసం అడుగుతలేనక్కా. మన గుడిల ఉత్సవ విగ్రహానికి వెండి కవచం చేయించాలని కమిటీల అనుకున్నం. గియన్ని కరిగిస్తే స్వామికి భుజాల దాంక వస్తది.”

దేవుడి పేరెత్తాక కాదనడం కష్టం. నేను పకోడీ వైపు చూశాను. వసుమతి మాత్రం తడుముకోలేదు.

“స్వామికే ఇస్తానండి. కరిగించకుండా ఇలాగే వేసుకుంటాడేమో కనుక్కుని చెప్పండి.”

“గట్లెట్ల కనుక్కోవాలె?”

“కమిటీ ఉందిగా.”

ఆయన పకోడీ తిన్నారు, కాఫీ తాగారు, కవచం సంగతి కమిటీలో పెడతానని వెళ్ళారు. ఆ కమిటీ ఇంకా కూర్చోలేదు.

తరవాత రేష్మ వచ్చింది. ముప్పై దాటిన చురుకైన పిల్ల, ఇంట్లోనే నగల వ్యాపారం, ఫోనులోనే అమ్మకాలు. పళ్ళెం చూడగానే అసిక్ తీసి మెడకు కట్టుకుని, కిటికీ వెలుతురులో నిలబడి ఫోటో తీసుకుంది.

“ఆంటీ, వావ్! దీనికి గోల్డ్ పాలిష్ కొట్టించి, మ్యాచింగ్ ఇయర్‌రింగ్స్ చేయిస్తే నెక్స్ట్ లెవెల్ ఉంటది.”

“అది వీపు మీద వేసుకునేదమ్మా.”

“పర్లేదు ఆంటీ, వీపు సెల్ఫీలో పడదు కదా!”

రేష్మ చాలా మంచిపిల్ల. వెళ్ళేటప్పుడు మా ఇద్దరికీ తలా ఒక జత రాళ్ళ గాజులు ఇచ్చి వెళ్ళింది. వసుమతి వాటిని తిప్పి వెనక చూసి, నిట్టూర్చి, పప్పుల డబ్బాల కింది అరలో పెట్టింది.

ఇలా వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒకరు బరువు అడిగారు, ఒకరు వెల అడిగారు, ఒకావిడ వాస్తు అడిగింది. వసుమతి దిగాలు పడసాగింది. “పిల్లల్లో లోపం లేదక్కయ్యా, నేనే సరిగ్గా చూపించలేకపోతున్నానేమో” అంటుంటే నాకు నవ్వు రాలేదు.

ఒక ఆదివారం షార్లెట్ నుంచి ఒక జంట వస్తామన్నారు. వసుమతి పళ్ళెం సర్ది బల్ల మీద పెట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. తెక్కే కడియాలు, యోముత్ పతకం, పెద్ద అసిక్, వాటి పక్కన ఇంకొక అసిక్. చిన్నది, పూత దాదాపు పోయింది, రాళ్ళ స్థానంలో ఎర్ర గాజు. అది రిజెక్ట్ పెట్టెలోది. ‘గాజు, కింద రంగు కోసం ఎర్ర గుడ్డముక్క. పక్కన పెట్టు’ అని నా ఎదుటే ఆమె తీర్పు చెప్పింది. ఇది ఇక్కడికెలా వచ్చిందని అడగబోయాను. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

వచ్చింది షార్లెట్ వాళ్ళు కాదు. వాళ్ళు ట్రాఫిక్‌లో ఉన్నారట. వచ్చింది మైత్రి. పక్క వీధిలో ఉండేవాళ్ళమ్మాయి, ఇక్కడే పుట్టింది. కండరాల నొప్పులకు వ్యాయామాలు చేయించే క్లినిక్‌లో పనిచేస్తుంది. ఒకప్పుడు వసుమతి భుజం పట్టేస్తే సరి చేసింది కూడా.

“ఆంటీ, మామ్ గోంగూర పచ్చడి పంపించింది. జార్ రిటర్న్ కావాలి అంట.”

సీసా బల్ల మీద పెట్టి, పళ్ళెం చూసి, అడక్కుండానే ఆ చిన్న అసిక్ చేతిలోకి తీసుకుంది. తిప్పింది. పైన గొలుసు తగిలించుకునే రెండు కొక్కేలనూ వేలితో తడిమింది.

“ఇది ఎవరిది? ఈమె స్ట్రెయిట్‌గా నడవదు” అంది.

శ్యామ్‌సుందర్ పకోడీ పళ్ళెంతో వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

“ఎవరు నడవదు?” అంది వసుమతి.

“ఇది వేసుకున్న ఆంటీ. చూడండి, రెండు రింగ్స్ సేమ్ లేవు. ఈ రింగ్ ఫుల్‌గా ఉంది. ఇది థ్రెడ్ లాగ అరిగిపోయింది. వెయిట్ అంతా ఒక సైడే పడింది, చాలా ఇయర్స్.” మైత్రి భుజాలెగరేసింది. “నా క్లినిక్‌లో కొత్త పేషెంట్ వస్తే నేను ఫస్ట్ షూస్ తిప్పి చూస్తా. సేమ్ థింగ్.”

తరవాత గోంగూర సీసాను చంటిపిల్లలా ఎడమ చంకన పెట్టుకుని, నడుం ఒక పక్కకు వంచి, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది.

“ఇలా నడిచేదేమో. బేబీ ఎప్పుడూ ఈ సైడే. ఆర్ మేబీ హిప్ పెయిన్ అయ్యుంటుంది. ఎవరూ ఎక్సర్‌సైజ్ చెప్పలేదు పాపం.”

వసుమతి చెయ్యి చాపింది. మైత్రి పతకం ఇచ్చింది. వసుమతి దాన్ని చూడలేదు. బొటనవేలితో ఆ అరిగిన కొక్కేన్ని, తరవాత అరగని కొక్కేన్ని, మళ్ళీ అరిగినదాన్ని రుద్దుతూ ఉండిపోయింది.

“గాజు కదూ అది? రిజెక్ట్ చేశావుగా?” అన్నాడు శ్యామ్‌సుందర్.

“గాజైతే?” అని వసుమతి కస్సుమంది. “రాళ్ళు కొనలేని ఇంట్లో పిల్లలకు పెళ్ళిళ్ళు అవవా? గాజే పెట్టించుకున్నారు. గుడ్డ కూడా పెట్టుకున్నారు. దొంగ పూత ఎవరైనా వేస్తారు. అవతలి మనిషి నడుంనొప్పిని దొంగగా ఎవరు తయారుచేస్తారండీ?”

షార్లెట్ వాళ్ళు వచ్చారు, పకోడీ తిన్నారు, వెళ్ళారు. వాళ్ళేమన్నారో మాలో ఎవరికీ గుర్తు లేదు.

మర్నాడు నేను అడిగాను. “కావాలనే పెట్టాను. పరీక్షలో అది అసలు ప్రశ్న” అంది వసుమతి. నమ్మాను. నాలుగు రోజుల తరవాత వెళ్తే, రిజెక్ట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క నగ కొక్కేలనూ వేళ్ళతో తడుముతోంది. “నాకప్పుడు మసగ్గా ఉందక్కయ్యా, పెద్దదానికి జత అనుకుని పెట్టాను” అంది. అదీ నమ్మాను.

సంబంధం కుదిరినట్టే అనుకున్నాం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. వసుమతి పిలిచి అన్నీ నీకే అంటే మైత్రి తల అడ్డంగా ఊపింది.

“నాకు ఈ గాజుది ఒక్కటే ఓకే ఆంటీ. మిగతావి టూ ప్రెట్టీ.”

“ఏమే, నా తెక్కే పిల్లలు అందంగా ఉండడం తప్పా? ఇస్తే అందరినీ ఇస్తాను. అక్కచెల్లెళ్ళను విడదీయను.”

“నా అపార్ట్‌మెంట్‌లో నా షూస్‌కే ప్లేస్ లేదు.”

“షూస్ తగ్గించు.”

ఈ బేరం చాలా శనివారాలు సాగింది. మైత్రి వచ్చేది, వద్దనేది, కాఫీ తాగుతూ కూర్చునేది. ఊరికే కూర్చోనివ్వకుండా వసుమతి ఆమెను కళ్ళు మూసుకోమని, చేతిలో ఒక నగ పెట్టి, ఏ తెగదో చెప్పమనేది. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఎదురెదురుగా కూర్చుని వెండిని తడుముతుంటే, చూస్తున్నది నేనొక్కదాన్నే. “గడప!” అని అరిచేది మైత్రి, యోముత్ అనడానికి. “కాదు, ముగ్గు. వేలు ఇంకాస్త కిందికి జరుపు” అనేది వసుమతి.

చివరికి ఒక శనివారం మైత్రి మెత్తబడింది. “ఓకే ఆంటీ. అన్నీ తీసుకుంటా. పాలిష్ చెయ్యను. మెల్ట్ చెయ్యను. సెల్ చెయ్యను. బట్ వేసుకుంటా.”

“వేసుకోవడం దేనికి?” వసుమతి కంగారు పడింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క నగా ఒంటి మీద పెట్టుకోలేదు, ఎవరినీ పెట్టుకోనివ్వలేదు. రేష్మ కట్టుకున్న అసిక్‌ను కూడా నిమిషంలో విప్పించింది. “నూరేళ్ళ పైబడిన పూతే అది! బట్ట రాసుకుంటే పోతుంది. కొక్కేలు అరిగిపోతాయి.”

“అరగనీ.”

“అరగనీ ఏమిటే?”

“ఆంటీ, ఆ గాజుది అరిగింది కాబట్టే కదా ఆమె మనకి తెలిసింది? నేను వేసుకోకపోతే, నెక్స్ట్ ఎవరో అమ్మాయికి నేను ఎలా నడిచానో ఎట్లా తెలుస్తుంది?”

వసుమతి వంటింట్లోకి వెళ్ళి గోంగూర సీసా కడిగి తెచ్చి మైత్రి చేతిలో పెట్టింది. “మీ అమ్మకిచ్చెయ్” అంది. నాకు భయమేసింది. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను.

రెండు రోజుల తరవాత ఫోన్ చేసింది. “అప్పగింతలు మీ ఇంట్లో పెడదామక్కయ్యా. మా ఇంట్లో అయితే నేను ఇవ్వలేను.”

మా ఇంట్లోనే పెట్టాం. నేను పులిహోర చేశాను. శ్యామ్‌సుందర్ పళ్ళెమూ పెట్టెలూ మోసుకొచ్చి, “కన్యాదాత తాలూకు సామాను” అని సోఫాలో దించాడు. రిజెక్ట్ పెట్టె కూడా వాటిలో ఉంది, పైన రాసిన మాట కొట్టేసి ఉంది. మైత్రి ఎందుకో కొంచెం బెరుకుగా, లంగా ఓణీలో వచ్చింది.

“ఇటు తిరిగి కూర్చో” అంది వసుమతి.

పెద్ద అసిక్ ఆ రోజు వేయాలని ఆమె నిర్ణయం. కానీ మైత్రి జుట్టు భుజాల దగ్గరే ఆగిపోయింది. రేష్మకు ఫోన్ చేస్తే సవరం పట్టుకుని వచ్చింది. వసుమతి ఆ పిల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కసారి కూడా వంగి చూడకుండా, వేళ్ళతోనే పాయలు తీసి, సవరం కలిపి, జడ అల్లింది. ఆఖర్న పతకాన్ని తగిలించి, రెండు కొక్కేలూ సమంగా ఉన్నాయో లేదో తడిమింది.

“బరువుందా?”

“ఉంది. ఎవరో వీపు మీద చెయ్యి పెట్టినట్టు ఉంది.”

“అయితే సరిగ్గా కూర్చుంది. నడువు.”

మైత్రి లేచి హాల్లో నడిచింది. మువ్వలు మోగాయి. మాకు అంతవరకూ ఆ చప్పుడు తెలియదు. ఇన్నేళ్ళూ అవి పళ్ళెంలో కదిలితే టక్కుమనడమే విన్నాం. నడిచే మనిషి మీద అది వేరుగా ఉంది, మాట్లాడుకుంటూ వెళ్తున్నట్టు. వసుమతి నేల మీదే కూర్చుని, ముఖం కొంచెం పక్కకు తిప్పి, మైత్రి అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు వింటోంది.

“నాకు కనబడట్లేదు! ఎలా ఉంది?” అని మైత్రి మెడ తిప్పుకుంటూ తన చుట్టూ తనే తిరిగింది. రేష్మ రెండు ఫోన్లు పట్టుకుని ఒకదాంట్లో తీసినది ఇంకోదాంట్లో చూపించబోయింది. శ్యామ్‌సుందర్ చప్పట్లు కొట్టాడు. “వీపు సెల్ఫీలో పడింది ఆంటీ!” అని రేష్మ అరిచింది. అందరం నవ్వాం.

పిల్లకు బొట్టు పెట్టి పంపాలి కదా అని నేను వంటింట్లోకి వెళ్ళి కుంకుమ, పళ్ళు, జాకెట్ గుడ్డ తెచ్చాను. బొట్టు వసుమతి చేతనే పెట్టించాలని, “వసుమతీ” అన్నాను.

నేల మీద దువ్వెన ఉంది. దాని పక్కన సవరం చుట్టి వచ్చిన కాగితం మడత పెట్టి ఉంది. ఆమె లేదు. పక్క గదిలో చూశాను. శ్యామ్‌సుందర్ వంక చూస్తే అతను పులిహోర గిన్నె మూత తీశాడు.

“వసు ఆంటీ ఏది?” అంది మైత్రి. ఆమె తిరిగినప్పుడల్లా మువ్వలు మోగుతూనే ఉన్నాయి.

నేను కిటికీ తెర పక్కకు లాగాను. మేపుల్ చెట్ల కింద కాలిబాట మీద వసుమతి తన ఇంటి వైపు వెళ్తోంది, ఖాళీ చేతులు ఊపుకుంటూ, తొందరేమీ లేకుండా. మా డ్రైవ్‌వే దాటింది, పక్కింటి మెయిల్‌బాక్స్ దాటింది. వెనక్కి తిరగలేదు.